బేళ్ల గదిలో చిన్న చప్పుడు

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆ తల్లి మాత్రం జీవితమంతా కీడెంచడం దగ్గరే ఆగిపోయింది. కూతురు పావుగంట ఆలస్యమైతే బస్సు బోల్తా పడిందనుకునేది. ఫోను ఎత్తకపోతే ఎవరో ఎత్తుకుపోయారనుకునేది. అలాంటి మనిషి ఇంటికి నిజంగానే కీడు వచ్చి పదకొండు రోజులైంది. ఇప్పుడు ఆమెలో భయం కూడా మిగల్లేదు. డిటెక్టివమ్మ ఆఫీసు మెట్లు ఎక్కుతుంటే కాళ్లు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి.

కుట్టుమిషన్ల దుకాణం పైన రెండు గదుల ఆఫీసు అది. డిటెక్టివమ్మకు యాభై అయిదేళ్లుంటాయి. వెనకటికి టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఇరవై ఏళ్లు ఆపరేటరుగా చేసిందట. పక్క బల్ల దగ్గర బట్టతల సహాయకుడు లావుపాటి పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. ఎవరేం మాట్లాడినా రాసుకుంటాడని అతణ్ని అందరూ రాతగాడు అంటారు.

"మంచినీళ్లు తాగుతారా?" అని అడిగింది డిటెక్టివమ్మ, అలమారలో ఏదో వెతుకుతూ.

తల్లి పలకలేదు. డిటెక్టివమ్మ వెనక్కి తిరిగి, గ్లాసు చూపించి మళ్లీ అడిగింది.

"వద్దమ్మా. సోమవారం నా కూతుర్ని అరెస్టు చేస్తారు. ఇవాళ శుక్రవారం."

"మొదటి నుంచీ చెప్పండి. కంగారు లేదు."

"కంగారు ఎప్పుడో అయిపోయింది" అంది తల్లి. ఎవరింటి సంగతో చెబుతున్నట్టు, ఎత్తుపల్లాలు లేని గొంతుతో మొదలుపెట్టింది.

కూతురు నేత మిల్లులో షిఫ్టు మేస్త్రి. ముప్పై మరమగ్గాలు ఆమె చేతి కింద నడుస్తాయి. తల్లి కూడా ఆ షెడ్డులోనే ఇరవై రెండేళ్లు చేసి, ఆరేళ్ల కింద మానేసింది. పిల్లకు పని ఇప్పించింది తల్లికి సొంత తమ్ముడు; మిల్లులో పెదమేస్త్రి. మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే కొయ్య నాడె ఉంటుంది, రెండు కొసలా ఇనుప మొనలతో. అది ఎగిరి బయటపడకుండా ముందు ఒక అడ్డుకమ్మి ఉండాలి. పదకొండు రోజుల కింద ఏడో మగ్గానికి ఆ కమ్మి లేదు. నాడె లేచి, మగ్గం నడిపే ఆమె కణతకు తగిలింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది.

"నా కూతురు ఆమెను పిన్నీ అని పిలిచేది. ఇద్దరూ ఒక్క డబ్బాలోనే తినేవాళ్లు."

"అమ్మాయి ఏమంటోంది?"

"ఏమీ అనదు. మొదటి రోజంతా ఏడ్చింది. రెండో రోజు నేను గిన్నెలు తోముకుంటూ ఎందుకో వెనక్కి తిరిగితే, గుమ్మంలో నిలబడి నా వంకే చూస్తోంది. ఎప్పుడొచ్చిందో తెలీదు. కళ్లనిండా నీళ్లు. ఏమ్మా అన్నాను. వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. అంతే. ఆ తర్వాత ఒక్క మాట లేదు. డాక్టరు గొంతు బాగానే ఉందన్నాడు, మనసు మూసుకుపోయిందన్నాడు. మూడో రోజు ఈ వీడియో బయటికొచ్చింది."

లాయరు ఇప్పించిన కాపీ ఆమె ఫోనులో ఉంది. మిల్లు వాళ్లు జాగ్రత్తల గురించి ఒక సినిమాలాంటిది తీయించుకుంటున్నారు; ప్రమాదానికి నాలుగు రోజుల ముందు దానికోసం తీసిన ముక్క అది. షెడ్డు నిండా దూది దుమ్ము. ముక్కూ నోరూ గుడ్డతో కప్పుకున్న కూతురు, కాలరుకు చిన్న మైకు పెట్టుకుని నిలబడింది. వెనక మగ్గం మీద ఏడు అంకె. మెడనరాలు తాళ్లలా ఉబ్బి కనబడుతున్నాయి. మగ్గాల మోత మీదుగా గొంతు వినిపించింది: "అడ్డుకమ్మి తీసేయండి. పోగు అతకడం తేలికవుతుంది. ఏమైనా అయితే నాది పూచీ."

ముక్క మొత్తం ఒక నిమిషం. రాతగాడు తలెత్తాడు. "ఇదేంటమ్మగారూ, మధ్యలో పిట్ట కూసినట్టుంది?"

"ఏ పిట్ట?" అంది తల్లి.

"అదుగో, మళ్లీ. కీచ్ అని. నలభై సెకన్లు అయింది." గడియారం చూసి రాసుకున్నాడు.

డిటెక్టివమ్మ తల్లి ముఖంలోకి కాసేపు చూసింది. "మీకు అమ్మాయి మాటలు వినపడ్డాయా?"

"ప్రతి అక్షరం. అందుకే కదా వచ్చాను. అది దాని గొంతే. పోలీసులు అబద్ధమాడినా, మిల్లు వాళ్లు అబద్ధమాడినా, దాని గొంతు అబద్ధమాడదు కదా." తల్లి చేతులు ఒడిలో చచ్చుపడి ఉన్నాయి. "అరెస్టు కంటే నాకు అదే భయమమ్మా. పిన్నీ పిన్నీ అంటూనే నా కూతురే ఆమెను చంపిందేమోనని. ఎవరు ఏమిటన్నది తేల్చండి. కానిదైతే కానిది, అయినదైతే అయినది."

"వస్తారా మాతో? షెడ్డు మీకు తెలిసిన చోటు."

"మా అమ్మగారు ఒక్కసారి చెవి ఆనించారంటే గోడకైనా నోరొస్తుందమ్మా" అన్నాడు రాతగాడు, పుస్తకం చంకలో పెట్టుకుంటూ.

"నువ్వు నోరు మూస్తేనే కదయ్యా నాకు గోడ వినపడేది" అంది డిటెక్టివమ్మ.

వీడియో తీసిన కెమెరా మనిషి స్టూడియో మిల్లుకు రెండు వీధుల అవతల. వాళ్లు ఎవరో తెలియగానే అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ పోలీసు ముక్క అతను ఇంతవరకూ చూడలేదు, అడిగినవాళ్లూ లేరు. ఇప్పుడు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చూశాడు. ముక్క అయిపోగానే వాటిని లాగేశాడు.

"ఇది నేను కలిపింది కాదండీ. నా చేతి పని ఇలా ఉండదు."

"మరి షెడ్డులో మైకు పెట్టింది మీరే కదా?"

"పెట్టాను. ఒక జానెడు దూరంలో నోరుంది, అయినా మోతలో మాట కొట్టుకుపోయింది. ఆ అమ్మాయి ప్రాణం పెట్టి అరిచింది పాపం. అరిచినకొద్దీ గొంతు పగిలిందే తప్ప మాట రాలేదు. అలాంటి చోట బొమ్మ ఒకచోట తీసి, గొంతు ఒకచోట తీస్తాం. బట్ట బేళ్ల గదికి తీసుకెళ్లాను. చుట్టూ గుడ్డ, గొంతు గింగురుమనదు. ఊపిరి తీసుకున్నా తెలిసేంత నిశ్శబ్దం."

"అక్కడ ఏం చదివించారు?"

"మిల్లు ఆఫీసులో ఇచ్చిన కాగితం. ముందు ఎలా అనకూడదో అనిపించాం. తర్వాత ఎలా అనాలో అనిపించాం. 'కమ్మి తీసేయండి' అన్నది ఆ అనకూడని మాటే. దాని వెంటనే 'కమ్మి లేనిదే మగ్గం నడపకండి' అని ఉండాలి. ఎవరో కోసేశారు. కోసిందాన్ని షెడ్డు బొమ్మకు అతికించి, కింద మగ్గాల మోత పోశారు."

తల్లి గోడకు ఆనుకుంది. ఉపశమనం రావాల్సిన చోట ఏమీ రాలేదు. ఇతను అబద్ధం చెబుతుంటేనో అన్న ఆలోచన మాత్రం వచ్చింది.

"అసలు కాపీ ఉందా?" అని అడిగింది డిటెక్టివమ్మ.

"లేదండీ. కార్డు తుడిచి పెళ్లి తీశాను. అన్నీ ఒక పెన్‌డ్రైవులో వేసి మిల్లు ఆఫీసులో ఇచ్చేశాను. సినిమా చేసేటప్పుడు ఆ కీచు తీసేయాలని నోటు కూడా పెట్టుకున్నాను." గోడకు అంటించిన చీటీ చూపించాడు. 'బేళ్ల గది - కీచు - తీసెయ్యాలి.'

"నమ్మొచ్చా ఇతణ్ని?" అంది తల్లి బయటికొచ్చాక. "చీటీ నిన్న రాసి అంటించుకున్నాడేమో."

"రాసి ఉండొచ్చు" అంది డిటెక్టివమ్మ. "కానీ దొంగతనం చేసేవాడు తన చెప్పు గుమ్మంలో వదిలి పోతాడా?"

మిల్లు మేనేజరు అద్దాల గదిలో, ఏసీ చలిలో కూర్చుని ఉన్నాడు. నాలుగు మాటలకోసారి తలుపు వైపు చూస్తున్నాడు.

"పెన్‌డ్రైవు నా సొరుగులోనే ఉందండీ. తాళం నా దగ్గరొకటి, పెదమేస్త్రి దగ్గరొకటి. మూడో రోజు తెరిస్తే అందులో ఈ ముక్కొక్కటే ఉంది. మిగతావి లేవు. చూశాను, ఇన్‌స్పెక్టరుకు ఇచ్చాను. నా డ్యూటీ నేను చేశాను."

"అమ్మాయి మీద నేరం పడితే మీ మిల్లు మీద పడదు, కాదూ?"

మేనేజరు కుర్చీలో కదిలాడు. "కాదనను. అంతమాత్రాన దొంగ వీడియో చేస్తానా?"

"అందులో ఒక చిన్న చప్పుడు వస్తోంది, గమనించారా?"

"కీచుమనేదేనా? ఆ రోజు ఆ హడావిడిలో ఎక్కడిదో ఆలోచించలేదు గానీ, అది మా బేళ్ల గదిదే. పొగ వస్తే అరిచే బిళ్ల ఉంది కప్పుకు. బ్యాటరీ అయిపోతోందని అలా కీచుమంటుంది. ఆ గదిలోకి వెళితే నాకు పిచ్చెక్కుతుంది. మార్చమని పెదమేస్త్రికి రెండుసార్లు కాగితం రాశాను." కాగితాల నకళ్లు తీసి బల్ల మీద పెట్టాడు. రెండూ నెల దాటినవి.

తల్లికి మేనేజరు ముఖం నచ్చలేదు. వీడే అయి ఉంటాడు, వీణ్ని మనం ఏం చేయగలం అనుకుంది.

పెదమేస్త్రి షెడ్డు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. అక్కను చూడగానే భుజం పట్టుకుని పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. మోతలో మాట్లాడి మాట్లాడి అతని మామూలు మాట కూడా అరుపులాగే ఉంటుంది.

"ఈ తిరుగుడంతా ఎందుకక్కా? పోలీసుల ముందు మొత్తుకోవడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. డాక్టరు చేత కాగితం రాయించుదాం. మాట పోయిన పిల్లను ఎవరు మాత్రం ఏం చేస్తారు?"

"అడ్డుకమ్మి ఎవరు తీయించారండీ?" అంది డిటెక్టివమ్మ.

"వీడియోలో అదే చెబుతోంది కదమ్మా. నా మేనకోడలే. ఎత్తుకుని పెంచాను దాన్ని. నా నోటితో అనిపించకండి."

"ఎత్తుకోవడమే కాదమ్మా" అంది తల్లి మధ్యలో. తమ్ముణ్ని ఎవరైనా గుచ్చి అడిగితే ఆమెకు ఊరికే ఉండబుద్ధి కాదు. "ప్రతి పుట్టినరోజుకూ దాని చిన్నప్పటి వీడియోలకు పాటలు అతికించి ఫోనులో పంపేది వీడే. అంత ప్రేమ."

రాతగాడి పెన్ను ఒక్క క్షణం ఆగి, మళ్లీ నడిచింది.

"ఒక చిన్న విషయం" అంది డిటెక్టివమ్మ. "బేళ్ల గదిలో పొగ బిళ్ల బ్యాటరీ మార్చమన్నారట?"

పెదమేస్త్రి పకపకా నవ్వాడు. "అదా! మేనేజరుగారి చెవిలో పురుగు దూరింది. నేను స్వయంగా వెళ్లి అయిదు నిమిషాలు నిలబడ్డానమ్మా ఆ బిళ్ల కింద. కిక్కురుమనలేదు. పచ్చలైటు వెలుగుతూనే ఉంది. మార్చడం దేనికి?"

"నిజమే, దేనికి" అంది డిటెక్టివమ్మ.

శనివారం మధ్యాహ్నం భోజనాల విరామంలో, మగ్గాలన్నీ ఆగాక, ఆమె అందరినీ బేళ్ల గదిలో కూర్చోబెట్టింది. ఇన్‌స్పెక్టరు, మేనేజరు, కెమెరా మనిషి, పెదమేస్త్రి, తల్లి, తల్లి పక్కనే కూతురు. చుట్టూ కప్పు దాకా తెల్లటి బేళ్లు. తలుపు మూయగానే ఊరు మొత్తం దూరంగా జరిగిపోయినట్టయింది. కూతురు నేలను చూస్తూ కూర్చుంది. తల్లి ఆమె చెయ్యి పట్టుకుంటే ఆ చెయ్యి చల్లగా, బరువుగా ఉంది.

"చిన్నపిల్లల ఆటే అనుకోండి" అంది డిటెక్టివమ్మ. "అందరూ కళ్లు మూసుకోండి. ఏదైనా చప్పుడు వినపడితే చెయ్యెత్తండి. నేను చాలు అనేదాకా తెరవకండి."

"ఇదేం విచారణ అండీ" అని గొణిగాడు ఇన్‌స్పెక్టరు. అయినా కళ్లు మూసుకున్నాడు.

తల్లి కూడా మూసుకుంది. నిశ్శబ్దం. ఇంకా నిశ్శబ్దం. ఏం మోగిస్తుందో, ఎప్పుడు మోగిస్తుందో అని ఎదురుచూసింది. చాలాసేపైంది. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుంది. ఎవరికైనా ఒంట్లో బాగోక ఆగిపోయారేమో అనుకుంది. ఆ భయానికి ఆగలేక కళ్లు తెరిచింది.

ఇన్‌స్పెక్టరు చెయ్యి పైకి లేచి ఉంది. మేనేజరు చెయ్యి, కెమెరా మనిషి చెయ్యి, మూల నిలబడ్డ రాతగాడి చెయ్యి. పక్కనే, ఈ లోకంతో పనిలేనట్టున్న కూతురి చెయ్యి కూడా.

తన చెయ్యి ఒడిలో ఉంది. ఎదురుగా తమ్ముడి చేతులు కూడా ఒడిలోనే ఉన్నాయి. మాట వినే బడిపిల్లాడిలా కళ్లు గట్టిగా మూసుకుని, మెడ నిక్కించి, అతనింకా ఎదురుచూస్తున్నాడు.

"చాలు" అంది డిటెక్టివమ్మ కాస్త గట్టిగా.

పెదమేస్త్రి కళ్లు తెరిచి, చుట్టూ ఉన్న చేతులు చూశాడు. ముఖంలో నవ్వు సగంలో ఆగిపోయింది.

"నలభై సెకన్లకోసారి, అమ్మగారూ. నాలుగుసార్లు" అన్నాడు రాతగాడు. "వీడియోలో ఎంతుందో అంతే."

డిటెక్టివమ్మ కప్పు కేసి చూపించింది. "ఆ బిళ్ల కీచుమంటోంది. షెడ్డులో తీశారన్న వీడియోలో కూడా అదే కీచు. ముప్పై మగ్గాల మోతలో ఈ పిచ్చుక గొంతు వినపడే అవకాశమే లేదు. అంటే ఆ మాటలు పుట్టింది షెడ్డులో కాదు, ఈ గదిలో. ఇంకొకటి. బొమ్మలో అమ్మాయి మెడనరాలు తెగేలా ఉన్నాయి. గొంతు మాత్రం పక్కన కూర్చుని కథ చెబుతున్నట్టుంది. ఇరవై ఏళ్లు గొంతులే విన్నాను నేను. అరిచే మెడా, గుసగుసలాడే మాటా ఒక మనిషివి కావు. గుడ్డ నోటిని కప్పింది గానీ మెడను కప్పలేదు."

"మరి అతికించిందెవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కెమెరా ఆయన అయితే ఆ కీచును ముందే కోసి పారేసేవాడు. అది ఆయన వృత్తి. మేనేజరుగారికి అది తలనొప్పి. అది ఏ గదిదో ఆయనకు తెలుసు. తన గుట్టు తానే చాటుకుంటాడా? ఆ కీచును అందులో వదిలేసింది అది వినపడని మనిషి. ముప్పై ఏళ్లు మగ్గాల మధ్య బతికితే ముందు పోయేవి సన్నటి చప్పుళ్లే. పోయినట్టు కూడా తెలీదు. పెద్ద మాటలు వినపడుతూనే ఉంటాయి కదా. బిళ్ల కింద అయిదు నిమిషాలు నిలబడి కిక్కురుమనలేదన్న మనిషి మన మధ్యే ఉన్నాడు. సొరుగు రెండో తాళం ఆయనదే. ఫోనులో వీడియోలకు పాటలు అతికించే అలవాటూ ఆయనదే."

అలవాటు సంగతి చెప్పింది తానేనని తల్లికి గుర్తొచ్చింది. గుండెలో రాయి పడాల్సింది. ఏదో పడింది గానీ చప్పుడు కాలేదు.

పెదమేస్త్రి చాలాసేపు బిళ్ల వంకే చూశాడు. "నిజంగా మోగుతోందా అది?" అన్నాడు.

అక్క వైపు తిరిగాడు.

"అక్కా, నీకు వినపడిందా?"

"లేదురా" అంది తల్లి.

అతని భుజాలు జారిపోయాయి. "పని తెమలడం లేదని కమ్మి నేనే తీయించాను. పిల్ల వద్దంది. ఆపమని నా చొక్కా పట్టుకుంది. నేనే వినలేదు. దానికి మాట పోయిందన్నారు. మాట లేనిదాన్ని ఏం చేస్తారులే, ఆస్పత్రిలో పెడతారు, నాలుగు నెలలకు అందరూ మరిచిపోతారు అనుకున్నాను. నన్నైతే బతకనిస్తారా అక్కా?"

ఇన్‌స్పెక్టరు అతణ్ని తీసుకెళుతుంటే అక్క లేచి నిలబడింది. చిన్నప్పుడు వాణ్ని బడికి పంపేటప్పుడు సర్దినట్టు చొక్కా కాలరు సర్దింది. ఎందుకు సర్దిందో ఆమెకే తెలీదు. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుంది.

సాయంత్రం తల్లి ఇంటికొచ్చేసరికి పొద్దుటి గిన్నెలు అలాగే ఉన్నాయి. కుళాయి తిప్పి తోముతూ నిలబడింది. కూతురి మీద కేసు లేదు. కూతురు హంతకురాలు కాదు. ఈ రెండు మాటలూ లోపల అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు.

భుజం మీద చెయ్యి పడింది. ఉలిక్కిపడి తిరిగింది. కూతురు. పెదవులు కదులుతున్నాయి. తల్లి చప్పున కుళాయి కట్టేసింది.

"ఏమిటమ్మా? మాట్లాడావా?"

"రెండో రోజే చెప్పానమ్మా" అంది కూతురు. పదకొండు రోజులు వాడని గొంతు గరగరలాడింది. "ఇక్కడే, నీ వెనకే నిలబడి. మావయ్యే తీయించాడు, నేను ఆపమన్నాను అని. రెండుసార్లు చెప్పాను. నువ్వు తిరగలేదు. తిరిగాక ఏమ్మా అన్నావు, ఏమీ విననట్టు. తమ్ముడి మీద మాట రానివ్వదు, నన్ను నోరు మూసుకోమంటోంది అనుకున్నాను. నువ్వే వద్దనుకున్నాక ఇంకెవరికి చెప్పను?"

తల్లి తడిచేతులతో అలాగే నిలబడింది. ఇవాళ కళ్లు తెరిచి చూసిన చేతులన్నీ మళ్లీ కళ్లముందు లేచాయి. ఈ ఇరవై ఆరేళ్లలో ఈ పిల్ల తన వెనక నిలబడి ఇంకా ఏమేం చెప్పిందో, తను తిరక్కపోతే ఏమేం అనుకుని వెళ్లిపోయిందో. ఎప్పుడూ జరగబోయే కీడు గురించే భయపడింది. జరిగిపోయినవాటి గురించి భయపడాలని ఎవరూ చెప్పలేదు.

కొంగుతో చేతులు తుడుచుకుని, పీట లాక్కుని, కిటికీ వెలుతురు కూతురి ముఖం మీద పడేలా ఎదురుగా కూర్చుంది.

"మళ్లీ చెప్పు" అంది. "నా మొహంలోకి చూసి చెప్పు. మొదటి నుంచీ."

కూతురు చెప్పడం మొదలుపెట్టింది. తల్లి ఆమె పెదవుల మీద నుంచి కళ్లు తీయలేదు.